దోసిలి దగ్గర ఆపిన కథ

పాత కథల్ని తిరగరాసే పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, నా పుస్తకాల బీరువా ఒకసారి చూసి, చివరికి అందరూ ఒకే ప్రశ్న అడుగుతారు: భాగాన్ని ఎక్కడ ఆపాలి మేడమ్, అని. ఎక్కడ మొదలుపెట్టాలని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. వాళ్ళకి జీతాలిచ్చేవాళ్ళ ధ్యాసంతా ఆపడం మీదే ఉంటుంది కాబట్టి వీళ్ళ ధ్యాసా అటే పోతుంది.

నా దగ్గర సూత్రాలు లేవు. ఉన్న ఒకటీ అరా కూడా అవసరమైన రోజున సగమే పనికొచ్చాయి. అందుకని వచ్చినవాళ్ళకి ఒక పండ్లబండి ఆయన సంగతి చెప్పి పంపిస్తాను. చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోంది కనక ఇప్పుడు రాసి పెడుతున్నాను. పేర్లు మాత్రం రాయను. ఇందులో కొందరు నాకు రైతుబజార్లో ఎదురుపడుతుంటారు, ఆ ఇబ్బంది నాకెందుకు.

నేను చాలాకాలం ఒక వారపత్రికలో పనిచేశాను. అది మూతపడ్డాక ఇంట్లో కూర్చుంటే మా ఆయనతో రోజుకో పేచీ వస్తోందని, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక స్టూడియోలో చేరాను. పేరుకే స్టూడియో. కింద కోచింగ్ సెంటర్, మధ్యలో లేడీస్ హాస్టల్, ఆ పైన మేము. ఒక గదికి నాలుగు పక్కలా పరుపులు కొట్టి, ఫ్యాను ఆపేసి, చెమటలు కక్కుతూ రికార్డింగ్ చేసేవాళ్ళం. పురాణాల్లోవీ చరిత్రలోవీ ఏరుకుని, ఇప్పటివాళ్ళ చెవికి ఎక్కేలా చిన్న చిన్న మాటల్లో రాయడం నా ఉద్యోగం. జనం ఫోన్లలో వినేవాళ్ళు. మెట్రోలో నిలబడి, వంట చేసుకుంటూ, షాపులో బేరాలు లేనప్పుడు.

మేం ముగ్గురమే. ఓనరు గుంటూరు వైపు నుంచి వచ్చినవాడు, నాకంటే చాలా చిన్నవాడు, నన్ను ‘మేడమ్ గారూ’ అనేవాడు. మనిషి మంచివాడే. కాకపోతే సస్పెన్స్ అనే మాటని మంత్రంలా జపించేవాడు. ప్రతి భాగమూ వినేవాళ్ళ ప్రాణం గొంతులోకి వచ్చిన చోటే ఆగాలి. లేకపోతే రేపు మళ్ళీ ఎవరు వింటారండీ, అనేవాడు.

మూడో మనిషి మా గొంతు, అంటే నేను రాసింది మైకులో చదివే అమ్మాయి. నల్గొండ జిల్లాలో ఒక పల్లె నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం వాళ్ళది. ఎల్బీ నగర్‌లో కిరాయికి ఉండేవాళ్ళు. చర్చిలో ఆదివారం పిల్లలకి కథలు చెబుతుంటే ఎవరో విని మా ఓనరుకి చెప్పారట. మైకు ముందు కూర్చుంటే నేను రాసిన వాక్యాల్ని నాకే కొత్తగా వినిపించేది. మైకు ఆపగానే, “జర ఫ్యాన్ ఏయుండ్రి సార్, పాణం పోతుంది,” అని అరిచేది.

ఓనరుకీ నాకూ వారానికోసారైనా గొడవ అయ్యేది, ఎప్పుడూ ఆ ఆపే చోటు గురించే. మా ఊళ్ళో చిన్నప్పుడు పురాణం చెప్పే పెద్దాయన ఉండేవారు. ఏ రోజు కథ ఆ రోజు శుభం ఉన్న చోటే ఆపేవారు. అడవులకి వెళ్ళడమో, ఎవరైనా పోవడమో వచ్చిందంటే ఎంత ఆలస్యమైనా సరే, దాన్ని దాటించి, ఒక పెళ్ళో ఒక వరమో వచ్చేదాకా లాగి, అప్పుడు పుస్తకం మూసేవారు. జనం కునికిపాట్లు పడుతూ కూర్చునేవారే గాని మధ్యలో లేచేవారు కాదు. ఏడుపు దగ్గర ఆపితే ఆ ఏడుపు విన్నవాళ్ళ ఇంటికి వస్తుందని నమ్మకం. నేను నమ్మకాలున్న మనిషిని కాను. కానీ ఒకరి ప్రాణాన్ని గొంతులోకి తెచ్చి, ఇక పడుకో, రేపు చెబుతా అనడం మర్యాద కాదని మాత్రం అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

ఆ వానాకాలంలో నేను మూసీ వరద కథ రాస్తున్నాను. నిజాం కాలంలో ఊరిని ఊడ్చుకుపోయిన ఆ పెద్ద వరద గురించి మీకు పాఠంలో రెండు లైన్లుంటాయి. నేను అందులోంచి ఒకే ఒక్క ఇంటిని తీసుకున్నాను. నది ఒడ్డున మట్టి మిద్దె, ఉమ్మడి కుటుంబం. ఆ సంగతులన్నీ నాకు మూసారాంబాగ్‌లో ఉండే ఒక ముసలావిడ చెప్పింది. ఆ ఇంట్లో పుట్టిన పిల్ల ఈవిడకి నానమ్మ. అంటే ఇది కల్పన కాదు. ప్రతి భాగం మొదట్లో “ఇది జరిగిన కథ” అని చెప్పించేదాన్ని.

ఆ భాగంలో ఇంటివాళ్ళంతా మిద్దె మీదికి ఎక్కారు. నీళ్ళు కూడా ఎక్కాయి. పెద్దకోడలు చంటిబిడ్డని నెత్తి మీద పెట్టుకుంది. ఎదురింటి మేడ మీంచి ఎవరో చీరలు ముడేసి కిందికి వదులుతున్నారు. ఓనరు అక్కడ చెయ్యెత్తి “కట్” అన్నాడు.

“ఇక్కడ ఆపొద్దు బాబూ,” అన్నాను. “నువ్వు వారం రోజులు తిరుపతి పోతున్నావు. వచ్చేదాకా ఇంకో భాగం లేదు. వారమంతా ఆ జనాన్ని నీళ్ళలోనే నిలబెడతావా?”

“అందుకేనండీ మేడమ్ గారూ, ఇక్కడే ఆపాలి. వారం పాటు మన గురించే మాట్లాడుకుంటారు.”

అతనే నెగ్గాడు. ఆ భాగం వెళ్ళిపోయింది.

అతను తిరుపతి నుంచి వచ్చిన రోజు మధ్యాహ్నం, మేము ముగ్గురం టీ తాగుతుంటే, ఒక అమ్మాయి మెట్లెక్కి రొప్పుతూ వచ్చి గుమ్మంలో నిలబడింది. పాతికేళ్ళుంటాయి. కొత్తపేటలో ఒక బట్టల షాపు యూనిఫారం చీర కట్టుకుని ఉంది. గొడుగులోంచి నీళ్ళు కారుతున్నాయి.

“మూసీ కథ రాసేటోళ్ళు ఎవరు?” అంది.

నేనే అని చెప్పాను. ఆ అమ్మాయి గబగబా వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. “ఆంటీ, గా కథ ఇప్పుడే పూర్తి చెయ్యాలె. మా నాయిన పాణం దాని మీదనే ఉన్నది.”

కూర్చోబెట్టి నీళ్ళిచ్చాం. అప్పుడు చెప్పింది. వాళ్ళ నాన్న గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో బత్తాయిలూ మామిడికాయలూ దించే పనితో మొదలుపెట్టి, తర్వాత చిన్న కమీషన్ వ్యాపారం చేశాడు. మార్కెట్ ఊరి బయటికి మారిపోయాక అంత దూరం వెళ్ళలేక, ఎల్బీ నగర్ మెట్రో కింద బండి పెట్టుకున్నాడు. బండి మీద ఫోను పెట్టుకుని రోజంతా మా కథలే వింటాడు. వారం కిందట గుండెలో నొప్పి వచ్చింది. ఎల్బీ నగర్లోనే ఒక పెద్ద ఆస్పత్రిలో చేర్చారు. గుండెకి ఆపరేషన్ చెయ్యాలి, ఆలస్యం చేస్తే మనిషి మిగలడన్నారు. రేపు పొద్దున చేస్తామన్నారు. మొదట ఒప్పుకున్న మనిషి ఇప్పుడు సంతకం పెట్టనంటున్నాడు.

“ఎందుకు పెట్టడట?” అన్నాడు ఓనరు.

“మా నాయిన అంటుండు, కథ చావు కాడ ఆగింది బిడ్డా, నేను గూడ గాడనే ఆగుత, శకునం మంచిగ లేదు అని. మా ఊర్ల రాత్రంత కథలు చెప్పేటోళ్ళు సార్. సగంల ఆపితె ఇంటికి దోషమంటరు. సాయంత్రం దాక సంతకం కాకపోతే రేపటి ఆపరేషన్ ఇంకొకరికిస్తరంట. మళ్ళ ఎప్పుడో ఏమో. గందాక మా నాయిన ఉంటడా?”

ఓనరు ముఖం పాలిపోయింది. సస్పెన్స్ కోసం వారం పాటు నీళ్ళలో నిలబెట్టిన జనం ఇప్పుడు మెట్లెక్కి మా గుమ్మంలోకి వచ్చారు. అతన్ని ఒక మాట అనాలని నాలిక చివరిదాకా వచ్చింది గాని, ఆ ముఖం చూసి మింగేశాను.

“రాద్దాం మేడమ్ గారూ, ఇప్పుడే రికార్డు చేద్దాం. తర్వాతేమైంది వాళ్ళకి?”

“పోయారు,” అన్నాను. “మిద్దె కూలిపోయింది. ఎనిమిదేళ్ళ పిల్ల ఒక్కతే చీర పట్టుకుని ఎదురింటి మీదికి చేరింది. మిగతా అందరూ పోయారు.”

ఆ అమ్మాయి గ్లాసు కింద పెట్టేసింది. “అట్ల చెప్పకుండ్రి ఆంటీ. అందరు బతికిండ్రని చెప్పుండ్రి. మీకు దండం పెడత,” అంది.

“అది జరిగిన కథమ్మా.”

“జరిగిందో లేదో మా నాయినకేం ఎరుక?”

ఓనరు నా వైపు తిరిగాడు. “ఆయనొక్కడి కోసం ఒక కాపీ చేద్దామండీ. బయటికి పంపేది అసలుదే పంపుదాం. నూరేళ్ళ కిందట పోయినవాళ్ళకి కొత్తగా వచ్చే నష్టమేంటి? ఇక్కడ బతికున్న మనిషి కదండీ!”

జరిగినదాన్ని మార్చకూడదు, చెప్పే తీరు మార్చుకోవచ్చు అని ఎంతమంది కుర్రాళ్ళకి ఉపన్యాసాలిచ్చానో. ఆ ఉపన్యాసం ఇప్పుడు ఈ పిల్ల ముందు ఇవ్వడానికి నోరు రాలేదు. కూర్చుని రాశాను. మిద్దె నిలబడింది. చీరల ముడులు ఊడలేదు. పసివాళ్ళు ముందు, ఆడవాళ్ళు తర్వాత, మగవాళ్ళు చివర, ఒక్కొక్కరే ఎదురింటి మీదికి చేరారు. రాస్తుంటే చెయ్యి ఎక్కడా ఆగలేదు. అబద్ధం రాయడం ఇంత తేలిక అని నాకంతకుముందు తెలియదు.

మా గొంతు ఆ కాగితాలు చదువుకుని, మైకు ముందుకి వెళ్ళకుండా నిలబడింది.

“ఏంటమ్మా?” అన్నాను.

“చదువుత మేడం. గీ పిల్ల ఏడుస్తుంటే చదువనని ఎట్లంట? కానీ ఒక మాట. మేము శుక్రవారం కథ చెప్తం గదా పిల్లలకు, సిలువ కథ. ఆ రోజు ఆయన చచ్చిపోలేదు అని చెప్పం. చచ్చిపోయిండనే చెప్తం. కాని గక్కడ ఆపి పిల్లలను ఇంటికి పంపం. ఆదివారం దాక, ఆయన తిరిగి లేచిండని చెప్పినంకనే పంపుతం.”

అని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. బాగా చదివింది. చివర్లో ఇంటిపెద్ద మేడ మీదికి చేరి తనవాళ్ళని లెక్కపెట్టుకునే చోట ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది, ఓనరు కూడా తుడుచుకున్నాడు. రికార్డింగ్‌ని అమ్మాయి ఫోన్లోకి పంపించాం.

“మీరు గూడ రావాలె ఆంటీ. రాసినామె చెప్తే మా నాయిన ఇంటడు.”

వెళ్ళక తప్పలేదు. వాన దంచుతోంది, రోడ్డు మీద బస్సులు కదలడం లేదు. మెట్రో ఎక్కాం. కూర్చోవడానికి చోటు లేదు. ఆ అమ్మాయి మాటిమాటికీ ఫోన్లో టైము చూసుకుంటోంది. నేను ఒక చెవికి ఇయర్‌ఫోను పెట్టుకుని ఆ అబద్ధాన్ని మళ్ళీ విన్నాను. ఎక్కడా పట్టుబడేలా లేదు. నా మొత్తం ఉద్యోగంలో అంత సాఫీగా వచ్చిన భాగం ఇంకోటి లేదేమో. దానికి సంతోషించాలో భయపడాలో తెలియక ఎల్బీ నగర్ వచ్చేదాకా కడ్డీ పట్టుకుని నిలబడ్డాను.

వార్డులోకి వెళ్ళేసరికి నర్సు విసుగ్గా ఉంది. “డాక్టర్ గారు వెళ్ళిపోయే టైమైంది. సంతకం పెడతారా, పెట్టరా? ఇంకో పేషెంట్ ఎదురుచూస్తున్నారు,” అంది. అమ్మాయి, “పెడతడు మేడం, ఒక్క పది నిమిషాలు,” అని బతిమాలింది.

ఆయన కిటికీ పక్క మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. అరవై దాటినట్టున్నాడు. మూటలు మోసిన భుజాలు, తెల్లబడ్డ మీసాలు. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను.

“మీరేనా అమ్మా రాసేది? నేను మగాయన అనుకున్న,” అని నవ్వాడు.

“చాలామంది అలాగే అనుకుంటారు,” అన్నాను.

నవ్వు ఆపి నా ముఖంలోకి చూశాడు. “గా కథ నిజంగ జరిగిందేనా? మీరు అల్లిండ్రా?”

“జరిగిందేనండీ. ఆ ఇంటి పిల్ల మనవరాలు నాకు స్వయంగా చెప్పింది.”

“గట్లనా. మరి వాళ్ళు ఏమైండ్రు?”

“గిండ్ల ఉంది నాయినా, ఇను,” అంటూ అమ్మాయి ఫోన్ తీసి ఆయన దిండు పక్కన పెట్టింది. వేలు ప్లే బొమ్మ మీదికి వెళ్ళింది. ఆయన ఫోను వైపు చూడలేదు. నన్నే చూస్తున్నాడు. మా నాన్న జబ్బు పడ్డప్పుడు ఇంటికి వచ్చిన డాక్టరుని సరిగ్గా అలాగే చూశాడు. నన్నడుగుతున్నది మిద్దె మీది మనుషుల గురించి కాదని నాకప్పుడు తట్టింది. జరిగిందే అని ఇప్పుడే చెప్పాను. ఆ మాటని పునాదిగా పెట్టి ఆ అబద్ధాన్ని దాని మీద నిలబెట్టాలి. రేపు పొద్దున మత్తు ఇచ్చేముందు ఈయన దాన్ని పట్టుకుని లోపలికి వెళ్ళాలి.

నేను చెయ్యి చాపి ఆ ఫోను తీసేసుకున్నాను.

“పోయారండీ,” అన్నాను. “మిద్దె కూలిపోయింది. నీళ్ళు తీసుకుపోయాయి.”

“ఆంటీ!” అని అమ్మాయి అరిచిన అరుపుకి పక్క మంచాల వాళ్ళు లేచి చూశారు. నర్సు గుమ్మంలోంచి తొంగిచూసింది. నేను చేసింది తప్పయితే ఒక మనిషి ప్రాణం పోతుంది, అది దిద్దుకోవడానికి ఇంకో భాగం ఉండదు. ఆయన దుప్పటి అంచు పట్టుకుని కిటికీలోంచి వాన చూస్తూ ఉండిపోయాడు.

“నువ్వు ఏడువకు బిడ్డా,” అన్నాడు చివరికి. తర్వాత నాతో, “పొద్దుగాల్నుంచి అందరు ఏం కాదు, ఏం కాదు అంటుండ్రమ్మా. డాక్టరు ఏం కాదంటడు. నర్సమ్మ ఏం కాదంటది. నా బిడ్డ ఏం కాదంటది. ఏం కాకపోతే గుండె కోసుడెందుకు? మట్టి మిద్దె మీదికి గన్ని నీళ్ళొస్తే ఏమైతదో నాకెరుక లేదా? ఒక్కరన్న సక్కగ చెప్తరా లేదా అని చూస్తున్న,” అన్నాడు.

“అందరు పోయిండ్రా? ఒక్కరు గూడ మిగల్లేదా?”

“ఒక పిల్ల మిగిలింది.”

“మరి చెప్పుండ్రి. గక్కడ ఆపుతరేంది?”

అప్పుడు మా గొంతు అన్న మాట గుర్తొచ్చింది. శుక్రవారం దగ్గర ఆపకూడదు. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, కాగితం లేకుండా చెప్పడం మొదలుపెట్టాను. అన్నేళ్ళ ఉద్యోగంలో నేను నోటితో కథ చెప్పడం అదే మొదటిసారి.

ఎనిమిదేళ్ళ పిల్ల. చీర ముడి పట్టుకున్న చేతుల్లో చర్మం లేచిపోయింది. ఎదురింటివాళ్ళే పెంచారు. వరద తగ్గాక సర్కారు వాళ్ళు వీధుల్లో గంజి కాచి పోస్తుంటే వాళ్ళ వెంట వెళ్ళి తాగింది. పెద్దదయింది. పెళ్ళయింది, కొడుకు పుట్టాడు. ఈలోగా అలాంటి వరద మళ్ళీ రాకూడదని ఊరికి ఎగువన మూసీకి అడ్డంగా కట్ట కట్టారు. గండిపేట చెరువు. కొన్నేళ్ళకి ఆ నీళ్ళు పైపుల్లో ఊళ్ళోకి వచ్చాయి. ఆమె ఉండే గల్లీ చివర కూడా ఒక పంపు పెట్టారు. గల్లీ అంతా బిందెలు పట్టుకుని పరిగెత్తారు. ఆమె వెళ్ళలేదు.

“ఎందుకు?” అన్నాడాయన.

“మూసీ నీళ్ళు కదా. మావాళ్ళని మింగిన నీళ్ళు నేను తాగను అంది. ఏళ్ళ తరబడి దూరంగా ఉన్న బావి నుంచి మోసుకొచ్చుకుంది. వానొచ్చినా, జ్వరమొచ్చినా అంతే. ఎవరు చెప్పినా వినలేదు.”

“గట్లనే ఉంటది మరి,” అన్నాడు. నర్సు లోపలికి వచ్చి, చేతిలో కాగితంతో మంచం కాళ్ళ దగ్గర నిలబడింది. తను కూడా వింటోంది.

“ఒక ఎండాకాలం ఆ బావి ఎండిపోయింది. ఖాళీ బిందెతో తిరిగొస్తుంటే, కొడుకు పంపు కింద నోరు పెట్టి నీళ్ళు తాగుతున్నాడు. ఆమె బిందె అక్కడే పడేసి పరిగెత్తింది. వాణ్ణి రెక్క పట్టి ఇవతలికి లాగింది. పంపు అలాగే పోతోంది. వాడు దాహం దాహం అని ఏడుస్తున్నాడు. ఆమె చాలాసేపు ఆ నీళ్ళ వైపు చూస్తూ నిలబడింది. తర్వాత మెల్లగా వంగి, పంపు కింద దోసిలి పట్టింది. దోసిలి నిండింది...”

“ఆపుండ్రి!” అని ఆయన చెయ్యెత్తాడు. మా ఓనరు ‘కట్’ అన్నప్పుడు ఎత్తినట్టే ఎత్తాడు.

“ఏమైందండీ? నొప్పిగా ఉందా?”

“లేదు లేదు. గక్కడ ఉండనియ్యుండ్రి. ఆమె ఆ నీళ్ళు తాగిందా లేదా ఇప్పుడు చెప్పకుండ్రి. నేను ఒచ్చినంక ఇంట.” నర్సు వైపు చెయ్యి చాపాడు. “తెండ్రి గా కాగితం. ఏడ పెట్టాలె?”

వార్డు బయటికి వచ్చాక అమ్మాయి నాతో మాట్లాడలేదు. మెట్ల దగ్గర మాత్రం ఆగి, “సంతకం పెట్టిండు. మంచిదే. కానీ ఆపరేషన్ ముందల చావు మాట ఇనిపిచ్చిండ్రు. మా నాయినకేమన్న అయితే...” అంది. వాక్యం పూర్తి చెయ్యలేదు. మిగిలింది నేను ఇంటిదాకా మోసుకెళ్ళాను.

మర్నాడు పొద్దున ఇంట్లో ఉండలేక మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళాను. మా గొంతు నాకంటే ముందే వచ్చి బెంచీ మీద కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది. ఓనరు ఇడ్లీలు కట్టించుకుని వచ్చాడు, ఎవరూ తినలేదు. మధ్యాహ్నానికి అయిపోతుందన్న ఆపరేషన్ సాయంత్రమైంది. అయిపోయిందన్నారు. మేము ఊపిరి పీల్చుకునేలోపే రక్తం ఆగడం లేదని మళ్ళీ లోపలికి తీసుకెళ్ళారు. అమ్మాయి గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. నేను దగ్గరికి వెళ్తే ముఖం తిప్పుకుంది. ఆ పిల్లని తప్పుపట్టను. ఆ గంటల్లో నన్ను నేనే చూసుకోలేకపోయాను. ఒక చిన్న అబద్ధంతో పోయేదాన్ని ఎందుకు ఇంతదాకా తెచ్చానని ఎన్నిసార్లు తిట్టుకున్నానో.

ఓనరు నా పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు. “అక్కడ ఆపొద్దని మీరు చెప్పారండీ, నేనే వినలేదు.”

“నువ్వు అక్కడ ఆపకపోయినా జరిగింది మారేదా బాబూ? ఏ భాగమైతేనేం, చావు రానే వచ్చేది,” అన్నాను. అతను నన్ను ఓదార్చబోతే నేను అతన్ని ఓదార్చాల్సి వచ్చింది. మా మధ్య మామూలుగా అలాగే జరిగేది.

రెండోసారి బయటికి తెచ్చాక నోట్లో గొట్టం పెట్టి ఐసీయూలో ఉంచారు. ఏమీ చెప్పలేమన్నారు. రోజులు గడుస్తున్నా అదే మాట. స్టూడియోలో పని ఆగలేదు. నేను నిజంగా జరిగినట్టే తర్వాతి భాగం రాశాను. మిద్దె కూలడం, పిల్ల మిగలడం, గంజి, పెళ్ళి, గండిపేట, పంపు, అన్నీ ఒకే భాగంలో. ఏడుపు దగ్గర ఎక్కడా ఊపిరి తీసుకోకుండా దాటించాను. ఓనరు విని, ఇది మరీ పొడుగైందండీ అని, దాన్ని రెండుగా కోశాడు. ఎక్కడ కోశాడని అడిగితే దోసిలి దగ్గర అన్నాడు. ఈసారి నేను గొడవ పెట్టుకోలేదు.

కాబట్టి పిల్లలూ, ఎక్కడ ఆపాలంటే నా దగ్గరున్నది ఇంతే. ఏడిపించిన చోట ఆపి వెళ్ళిపోకండి, అలాగని ఏడుపు లేదని కూడా చెప్పకండి. దాటించండి. దాటించాక, వాళ్ళు మళ్ళీ రావడానికి కాస్త దాహం మిగిల్చి ఆపండి. ఇదంతా ఇప్పుడు తీరిగ్గా రాయగలుగుతున్నాను గాని, ఆ రోజుల్లో ఫోన్ మోగితే ఎవరి నంబరో చూడకుండా ఎత్తేదాన్ని కాదు.

ఒక సాయంత్రం పరుపుల గదిలో రికార్డింగ్ జరుగుతుండగా మోగింది. ఆ అమ్మాయి నంబరు. ఆస్పత్రి గోడ దగ్గర ముఖం తిప్పుకున్నాక అదే మొదటి ఫోను. మైకు ముందున్న మా గొంతు చదవడం ఆపేసింది. ఓనరు లేచి నిలబడ్డాడు. నేను ఎత్తి, “చెప్పమ్మా,” అన్నాను.

అవతల ఏడుపో నవ్వో తెలియని చప్పుడు. “పొద్దున గొట్టం తీసిండ్రు ఆంటీ. మాట్లాడొద్దంటే ఇంటలేడు. చెవి కాడ పెడుతున్న, ఉండుండ్రి.”

కాసేపు ఊపిరి మాత్రమే వినిపించింది. గొట్టం రాపిడికి బొంగురుపోయిన గొంతు, ఒక్కో మాటా ఏరుకుంటూ వచ్చింది.

“అమ్మా... ఆమె తాగిందా?”

“తాగిందండీ,” అన్నాను. “కడుపునిండా తాగింది.”